పెళ్లిచూపుల్లో రావు రమేష్ పేరు చెప్పాను, తప్పా?

ప్రశ్న: అక్కా, నాకు 27 ఏళ్లు. కాకినాడలో ఉద్యోగం. పోయిన నెల పెళ్లిచూపులకి వచ్చిన అబ్బాయి "మీ ఫేవరెట్ హీరో ఎవరండీ?" అని అడిగాడు. నేను ఆలోచించకుండా "రావు రమేష్" అనేశాను. "నేనడిగింది హీరో గురించండీ, హీరో ఫాదర్ గురించి కాదు" అన్నాడు. హాల్లో అందరూ ఒకటే నవ్వు. ఆ సంబంధం కట్నం దగ్గర తప్పిపోయింది గానీ, మా కజిన్స్ మాత్రం వాట్సాప్‌లో నా పేరు "మావయ్యల ఫ్యాన్" అని మార్చేశారు. మా పిన్నేమో "చిన్నప్పుడే నాన్న పోయిన పిల్ల కదా, అందుకే అలా" అని జాలి పడుతోంది. నిజం చెప్పాలంటే ఇది నాన్న మీద బెంగలా లేదక్కా. ప్రకాశ్ రాజ్ నవ్వుతూ నడిచొస్తున్నా, జగపతి బాబు నెరిసిన గడ్డంతో కూర్చున్నా నాకు అందంగానే కనిపిస్తారు. నాలో ఏమైనా తేడా ఉందా? వచ్చే నెల ఇంకో సంబంధం వాళ్లు వస్తున్నారు. ఈసారి ఎవరో ఒక హీరో పేరు చెప్పి గండం గట్టెక్కమంటోంది అమ్మ. ఏం చేయమంటారు? ఇంకో సంగతి: ఈమధ్య ఎస్వీ రంగారావు, గుమ్మడి సినిమాలు చూడాలనిపిస్తోంది. ఎక్కడ మొదలుపెట్టాలి?

– పేరు వద్దు, కాకినాడ

సమాధానం: అమ్మాయ్, ఆ అబ్బాయి జోకు బాగానే పేల్చాడు, కాదనను. కానీ హీరో తండ్రంటే హీరో కంటే పెద్దవాడే అయ్యుంటాడని అతని నమ్మకమైతే, మన సినిమాల లెక్కలు అతనికి తెలియవన్నమాట. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు' 2013 సంక్రాంతికి వచ్చింది. అందులో తండ్రిగా వేసిన ప్రకాశ్ రాజ్‌కి అప్పటికి 47 ఏళ్లు. పెద్దకొడుకుగా వేసిన వెంకటేశ్‌కి 52! చూస్తున్నంతసేపూ ఒక్కరికైనా అనుమానం వచ్చిందా?

ఇది ఇప్పటి వింత కూడా కాదు. 1962లో వచ్చిన 'మహామంత్రి తిమ్మరుసు'లో ఎన్టీఆర్ కృష్ణదేవరాయలు, గుమ్మడి తిమ్మరుసు. రాయలవారు మంత్రిని తండ్రిని పిలిచినట్టు 'అప్పాజీ' అని నోరారా పిలుస్తుంటారు. ఆ అప్పాజీకి అప్పటికి 35 ఏళ్లు. పిలిచే ఎన్టీఆరే ఆయన కంటే నాలుగేళ్లు పెద్ద. ఇక ఎస్వీ రంగారావు 1951లో 'పాతాళ భైరవి' నేపాళ మాంత్రికుడు వేసేనాటికి 33 కూడా నిండలేదు. 1974లో పోయేనాటికి ఆయనకి 56. మనమంతా తాతగారిలా తలుచుకునే మనిషి, ఇప్పటి లెక్కన రిటైర్మెంట్ వయసు కూడా చూడలేదు.

ఈ లెక్కలన్నీ ఎందుకు చెప్పానంటే, నీకు నచ్చుతున్నది వయసని అందరూ తేల్చేశారు, నువ్వూ సగం నమ్మేశావు. తెర మీద ఆ వయసు చాలాసార్లు విగ్గూ, అంటించిన గడ్డమూను. విగ్గు పెట్టుకున్న ప్రతివాడికీ పెద్దరికం రాదు కదా. అది తెచ్చుకోవాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు పట్టే ఆ అరక్షణంలో, మాట మొదలుపెట్టే ముందు ఆగే ఆ ఆగడంలో వాళ్లు అది తెచ్చుకుంటారు. నీ కన్ను పట్టింది దాన్ని.

'బొమ్మరిల్లు' నువ్వు చూసే ఉంటావు. చివర్లో సిద్ధార్థ్ తండ్రి ముందు నిలబడి చిన్నప్పటి నుంచీ తన తరఫున ఆయన చేసిన నిర్ణయాలన్నీ ఏకరువు పెడతాడు. చప్పట్లు ఆ అబ్బాయి డైలాగులకే వచ్చాయి, రావాల్సిందే. ఈసారి చూసినప్పుడు సిద్ధార్థ్‌ని వదిలేసి ప్రకాశ్ రాజ్‌ని మాత్రమే చూడు. ఆయనకి మాటలు దాదాపు లేవు. వింటాడు, అంతే. ముందు 'వీడా ఇలా మాట్లాడేది' అన్న విస్మయం, తర్వాత కోపం రాబోయి ఆగిపోవడం, ఆ తర్వాత 'నేను చేసింది ఇదా' అన్నట్టు మొహం మెల్లగా వాలిపోవడం. అన్నేళ్లుగా సరే అనుకున్న తన బతుకునంతా ఆ నాలుగు నిమిషాల్లో ఒక తండ్రి తిరగదోడి చూసుకుంటాడు. హీరో పాత్రకి ఇలాంటి సీను రాయరు. హీరో తప్పు చేసినా ఇంటర్వెల్ లోపు దిద్దుకోవాలి, ఓడినా క్లైమాక్స్‌లో గెలవాలి, ఎదుటివాడు మాట్లాడుతుంటే కౌంటర్ సిద్ధంగా ఉండాలి. పాపం, వాళ్ల కష్టాలు వాళ్లవి.

మనుషుల్లో ఉండే మిగతా సరుకంతా క్యారెక్టర్ ఆర్టిస్టుల వాటాకి వస్తుంది. పిసినారితనం, అసూయ, భయం, చేతకానితనం, కూతురి పెళ్లికి అప్పు చేసి ఎవరికీ చెప్పకపోవడం, ఇలాంటివి. కోట శ్రీనివాసరావు 'అహ నా పెళ్లంట'లో కోడిని వేలాడదీసి, దాన్ని చూస్తూ వట్టన్నం తింటాడు. ఆయన ముద్ద నోట్లో పెట్టుకుని కళ్లు పైకెత్తినప్పుడు ఆ మొహంలో నిజంగా కోడికూర తిన్న తృప్తి కనిపిస్తుంది. 1987లో వచ్చిన సినిమా, ఇప్పటికీ ఏ ఇంట్లోనైనా పిసినారి మాటొస్తే ఆ కోడి గుర్తుకొస్తుంది. 'అల వైకుంఠపురములో' మురళీ శర్మ చూడు. కాలు ఈడుస్తూ నడిచే ఆ తండ్రి ఎంత చిన్న మనసున్నవాడో అంత నిజమైనవాడు. 'మిడిల్ క్లాస్ మెలోడీస్'లో గోపరాజు రమణ వచ్చేదాకా ఆయన పేరు మనలో చాలామందికి తెలియదు. నాటకాల నుంచి వచ్చిన మనిషి. కొడుకు మీద నోరు పారేసుకునే ఆ గుంటూరు తండ్రిని చూసి, 'అచ్చం మా పెదనాన్నే' అనుకోని ఇల్లు లేదు. ఓటీటీలో 'నైంటీస్' సిరీస్ చూశావా? రూపాయి రూపాయికీ లెక్క చూసే లెక్కల మాస్టారుగా శివాజీ వేశాడు. ఒకప్పుడు హీరో వేషాలు వేసిన మనిషి. ఆయన గురించి ఇంతమంది మాట్లాడుకున్నది ఆ విసుగు మొహపు తండ్రి వేషం వేశాకే.

మీ రావు రమేష్ దగ్గరికొద్దాం. 'కొత్త బంగారు లోకం'లో లెక్చరర్‌గా వచ్చినప్పుడే జనం 'ఎవరీయన' అని అడిగారు. గొంతు పెంచాల్సిన చోట తగ్గించడం ఆయన పద్ధతి. 'అ ఆ'లో పల్లం వెంకన్న ఎంత తీరుబడిగా మాట్లాడతాడో, ఎదుటివాళ్లకి ఊపిరి అంత బిగిసిపోతుంది. ఈ తీరుబడి ఆయనకి ఇంటి ఆస్తి. తండ్రి రావు గోపాలరావు 1975లో బాపు తీసిన 'ముత్యాల ముగ్గు'లో కాంట్రాక్టరు వేషం వేసి, విలన్ అరవక్కర్లేదనీ, సూర్యోదయం గురించి కబుర్లాడుతూ కూడా భయపెట్టొచ్చనీ చూపించాడు. అప్పటికాయనకి 38. ముళ్లపూడి వెంకటరమణ మాటలకి ఆ గొంతు తోడయ్యాక ఇంకేం కావాలి. ఇంకో మాట, నీ ఫేవరెట్ హీరో అని ఇప్పుడు నువ్వు నిక్షేపంగా చెప్పొచ్చు. 2024లో 'మారుతీనగర్ సుబ్రమణ్యం'లో రావు రమేషే హీరో.

ఇదంతా నటన గురించి. కానీ నువ్వు 'అందంగానే కనిపిస్తారు' అని రాశావు. ఆ మాట నాకు నచ్చింది, దాన్ని గౌరవం, అభిమానం అంటూ శాలువా కప్పి దాచెయ్యదలుచుకోలేదు. నెరిసిన గడ్డం బాగుంటుంది. కళ్ల పక్కన ముడతలు బాగుంటాయి. అరిగిన గొంతు బాగుంటుంది. జగపతి బాబు తొంభైల్లో ఇద్దరు భార్యల మధ్య నలిగే మంచి భర్త వేషాలు వేస్తున్నప్పుడు కుటుంబ ప్రేక్షకులు 'బాగా చేశాడు' అన్నారు. 2014లో 'లెజెండ్'లో జుట్టుకి రంగేసుకోకుండా వచ్చేసరికి అదే ఆడవాళ్లు 'బాగున్నాడు' అన్నారు. ఈ రెండు మాటలకీ ఎంత దూరముందో నీకు చెప్పక్కర్లేదు.

మా అత్తగారు శ్రావణ శుక్రవారం నోములు ఒక్కటీ వదలని మనిషి. టీవీలో శరత్ బాబు కనిపిస్తే చాలు, పొయ్యి మీద పప్పు అడుగంటినా లేచేవారు కాదు. 'సాగర సంగమం' వస్తే కమల్ హాసన్ డాన్సులప్పుడు వత్తులు చేసుకునేవారు, శరత్ బాబు రాగానే వత్తులు పక్కన పెట్టేసేవారు. మా మామగారికి ఇది బాగా తెలుసు. ఆయనే పిలిచేవారు, "ఏమేవ్, మీవాడొచ్చాడు" అని. ఆ ఇంట్లో దీన్ని ఎవరూ జబ్బనుకోలేదు.

అన్నట్టు మా అత్తగారి నాన్నగారు 91 ఏళ్లు బతికారు. మీ పిన్ని సిద్ధాంతానికి ఇది సరిపోదు. మీ నాన్నగారు ఉండి ఉంటే నువ్వు ఆయన పక్కన కూర్చుని ఇవే సినిమాలు చూసేదానివేమో. అప్పుడు అదే పిన్ని 'అన్నీ నాన్న పోలికలే' అనేది. ఒక మనిషికి ఒకటి ఎందుకు నచ్చుతుందో తూకం వేసి ఇంత వంతు ఇందుకు, ఇంత వంతు అందుకు అని పంచి చెప్పలేం. అందులో నాన్న జ్ఞాపకం కాస్త కలిసి ఉంటే ఉండనీ, దానికి జాలి దేనికి? మీ పిన్నిది చెడ్డ మనసు కాదు, జవాబు చెప్పాల్సిన ప్రశ్నా కాదు. కాఫీ ఇచ్చి వేరే మాటలోకి దించెయ్.

తెలుగువాళ్లకి ఈ విషయం కొత్తదన్నట్టు అందరూ నవ్వడం మాత్రం నాకు వింతగా ఉంది. 1980లో 'శంకరాభరణం' వచ్చింది. హీరో ఎవరు? యాభై దాటిన జె.వి. సోమయాజులు, అప్పటికి డిప్యూటీ కలెక్టరు. ఫైటు లేదు, డ్యూయెట్ లేదు. శంకరశాస్త్రి గారి సంగీతం కోసం, ఆ మనిషి కోసం తులసి పడే తపనని ఏమని పిలవాలి? కూతురి ప్రేమా కాదు, భార్య ప్రేమా కాదు, ఉత్త భక్తి అంటే సరిపోదు. ఊరు మాత్రం తనకి తెలిసిన ఒకే ఒక్క పేరు పెట్టేసి ఆయన్ని వెలేసింది. ఆ సినిమా చూసి ఊరి జనాన్ని తిట్టుకుని, తులసి కోసం కళ్లు తుడుచుకున్నవాళ్ల పిల్లలే మీ హాల్లో కూర్చుని నవ్వింది. నీది తులసి అంత పెద్ద కథ కాదులే, ఊరికే గుర్తొచ్చింది.

ఇప్పుడు కాస్త జాగ్రత్త కూడా చెప్పాలి, అక్కా అన్నావు కాబట్టి. తెర మీద మనం చూసేది ఒకరు రాసి, ఇంకొకరు తీసి, మరొకరు వేసిన మనిషిని. 'సీతమ్మ వాకిట్లో సిరిమల్లె చెట్టు'లో మంచికి మారుపేరైన రేలంగి మావయ్యగా వేసిన అదే ప్రకాశ్ రాజ్, దానికి పదేళ్ల ముందు 'ఒక్కడు'లో ఓబుల్ రెడ్డి. ఇష్టం లేని అమ్మాయిని బలవంతంగా పెళ్లాడాలని ఊళ్లు తిరిగే రాక్షసుడు. మొహం అదే, గొంతు అదే, ఆ నవ్వు కూడా అదే. ఆఫీసులో తల నెరిసి, మెల్లగా మాట్లాడే పెద్దమనిషి ఎవరైనా కనిపిస్తే, ఆయన రేలంగి మావయ్యో ఓబుల్ రెడ్డో జుట్టు చూసి చెప్పలేం. నీ ఉత్తరంలో అలాంటి మనిషి ఎవరూ లేరు. అయినా ఈ వయసులో మెచ్చుకోలుని అలుసుగా తీసుకునే మగవాళ్లుంటారు కాబట్టి ఒక మాట అనేసి ఊరుకుంటున్నాను.

ఇక్కడే నా కడుపుమంట ఒకటి వెళ్లగక్కుకోనీ. మగవాడికి జుట్టు నెరిస్తే 'సాల్ట్ అండ్ పెప్పర్ లుక్' అంటాం. ఆడదానికి నెరిస్తే బామ్మ వేషం ఇస్తాం. ఆ 'సీతమ్మ వాకిట్లో'నే వెంకటేశ్‌కి తల్లిగా వేసిన జయసుధ ఆయన కంటే ఒకటి రెండేళ్లే పెద్ద. శివగామిగా రమ్యకృష్ణ సింహాసనం మీద కూర్చున్నప్పుడు థియేటర్లో మగపిల్లలు కూడా నోరు తెరుచుకుని చూశారు కదా, అలాంటి వేషాలు ఏడాదికి ఎన్ని రాస్తున్నారు? సరే, ఇది వేరే ఉత్తరానికి జవాబు.

పెళ్లిచూపుల సంగతి. దొంగ హీరో పేరు చెప్పొద్దు. నీతి కోసం చెప్పడం లేదు, సుఖం కోసం చెబుతున్నాను. నువ్వు ఎవరి పేరో చెప్పావనుకో, అతను సంబరపడి ఆ హీరో సినిమాకల్లా మొదటి రోజే టికెట్లు తెస్తాడు. పాపం మంచితనంతోనే తెస్తాడు. నువ్వు ఎన్నేళ్లు ఈలలు వేస్తావు? అడిగితే రావు రమేష్ అనే చెప్పు. ఈసారి పేరుతో ఆపకుండా వెంటనే 'పల్లం వెంకన్నగా ఎంత బాగా చేశాడో కదండీ' అను. ఒట్టి పేరు వింటే నవ్వొస్తుంది, సీను గుర్తుచేస్తే ఎవరికైనా మాట కలపాలనిపిస్తుంది. తర్వాత 'మీకు హీరోలు కాకుండా ఎవరు నచ్చుతారు?' అని తిరిగి అడుగు. బ్రహ్మానందం అంటాడో, కోట అంటాడో, తనికెళ్ల భరణి అంటాడో, అక్కడి నుంచి పది నిమిషాలు హాయిగా గడిచిపోతాయి. జీతం, ప్యాకేజీ, ఆన్‌సైట్ కబుర్ల కంటే నయం.

నవ్వితే నవ్వనీ. నవ్విన ప్రతివాడూ పనికిరానివాడని కొట్టెయ్యకు, నవ్వాల్సిన విషయమే ఇది. నవ్వాక 'ఎందుకండీ?' అని అడుగుతాడా లేదా, అది చూసుకో. పోయిన నెల వచ్చిన అబ్బాయి అడగలేదు. ఇంకొకటి, 29 ఏళ్ల అబ్బాయిలో యాభై ఏళ్ల నిదానం వెతికితే దొరకదు, వాడి తప్పు కాదు. నీకు తెర మీద నచ్చిన గుణాల్లో వయసుతో పనిలేనివి కొన్ని ఉన్నాయి, వాటిని చూడు. ఎదుటివాళ్లు మాట్లాడుతుంటే చివరిదాకా వింటాడా? 'ఉద్యోగంలో ఎప్పుడైనా బోల్తా పడ్డారా?' అని అడిగితే నిజంగా పడ్డ సంగతి చెబుతాడా, లేక అందులోనూ తానే గెలిచినట్టు చెబుతాడా? రెండో రకమైతే జాగ్రత్త, హీరో వేషం ఇంట్లో కూడా తీయడు.

అమ్మకి ఉన్నది సంబంధం తప్పిపోతుందన్న టెన్షన్ ఒక్కటే. తప్పింది కట్నం దగ్గరని నువ్వే రాశావు, అది ఆవిడకి మళ్లీ గుర్తుచెయ్. వీలైతే ఓ రాత్రి తీరిగ్గా కూర్చోబెట్టి, కాలేజీ రోజుల్లో నీకెవరు నచ్చేవారు అని అడుగు. రంగనాథ్ పేరో శరత్ బాబు పేరో బయటకొస్తే నాకు మళ్లీ ఉత్తరం రాయి. కజిన్స్ పెట్టిన పేరు మార్చకు, బాగుంది. గ్రూపు ఫోటోగా గద పట్టుకున్న ఘటోత్కచుణ్ణి పెట్టు.

ఎస్వీఆర్‌ని 'మాయాబజార్' (1957)తోనే మొదలుపెట్టు. 'వివాహ భోజనంబు' ఎలాగూ చూస్తావు, మాధవపెద్ది సత్యం గొంతూ ఆయన మొహమూ ఎక్కడ అతుక్కున్నాయో కనిపెట్టలేవు. అసలు తమాషా ఆ తర్వాత ఉంది. ఘటోత్కచుడు మాయా శశిరేఖగా మారాక తెర మీద ఉండేది సావిత్రి. ఆవిడ ఆ ఠీవి, ఆ మగనడక, ఆ చూపు ఎక్కణ్ణుంచి తెచ్చుకుందో గమనించు. తర్వాత 'నర్తనశాల' (1963). అందులో కీచకుడు వేసినందుకు జకార్తా ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఎస్వీఆర్‌కి ఉత్తమ నటుడి బహుమతి వచ్చింది. ఎంత చెడ్డవాడైనా కీచకుడు తెర మీద ఉన్నంతసేపూ కన్ను తిప్పుకోలేవు. ఈ రెండూ అయ్యాక బి.ఎన్. రెడ్డి 'బంగారు పాప' చూడు. గదా కిరీటం లేకుండా, ఒక పసిపిల్లని పెంచుకునే మొరటు కోటయ్యగా ఉంటాడు.

గుమ్మడికి 'మహామంత్రి తిమ్మరుసు', ఆ వెంటనే 'కులగోత్రాలు'. రెండూ 1962వే. ఒకదాంట్లో నమ్మినవాడి చేతిలోనే కళ్లు పోగొట్టుకునే మంత్రి, రెండోదాంట్లో కొడుకు కులం కాని పిల్లని చేసుకున్నాడని పంతం పట్టే తండ్రి. ఒకే ఏడాది, ఒకే మెత్తటి గొంతు. ఒకదాంట్లో ఆ గొంతు విని జాలేస్తుంది, రెండోదాంట్లో ఒళ్లు మండుతుంది.

'మిథునం' (2012) చూడకపోతే అమ్మతో కలిసి చూడు. శ్రీరమణ కథ, తనికెళ్ల భరణి తీశాడు. మనుషులు ఇద్దరే, ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం, లక్ష్మి. ఆ అప్పదాసుకి తిండి మీద ఎంత మోజో, పెళ్లాంతో దెబ్బలాట మీదా అంతే మోజు. బాలుకి అప్పటికి 66 ఏళ్లు, పొట్ట దాచుకునే ప్రయత్నం కూడా చేయలేదు, ఎంత ముచ్చటగా ఉన్నాడో! భోంచేశాకే పెట్టుకో ఆ సినిమా. ఆకలితో కూర్చుంటే ఆవకాయ అన్నం కోసం మధ్యలోనే లేవాల్సొస్తుంది.